ఈ మాట ఎవరిది? ఈ ఖర్చు ఎవరిది?

(ఫోనులలో వచ్చు ఎన్నికల ప్రచారమును గురించి లక్సెట్టిపేటలో గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగము)



గోదావరి ఒడ్డుననున్న ఈ లక్సెట్టిపేటకు వచ్చినప్పుడెల్ల మాకు సంతోషము కలుగును. మీలో పలువురు పొలము పనులు విడిచి, కూలి విడిచి ఇచటికి వచ్చితిరని మేమెరుగుదుము. కావున మీ కాలమును వృథా చేయము. ఒక్క సంగతిని మాత్రమే మీ ముందుంచుటకు వచ్చితిమి.

ఓటు అడుగు ప్రతి మాటక్రిందను ఒక పేరుండవలెను. ఆ మాట ఎవరిదో, దానికి సొమ్ము ఎవరిచ్చిరో, అదే మాటను ఇరుగుపొరుగు వారికిని చెప్పిరో లేదో ఓటరునకు తెలియవలెను. ఈ మూడును తెలియక ఓటు వేయుట, ముఖము చూడక సంబంధము కలుపుకొనుట వంటిది.

గోడమీది వ్రాత

మన పల్లెలలో ఎన్నికల ప్రచారము ఎట్లు జరిగెడిదో పెద్దలకు జ్ఞాపకముండును. గోడలపై గుర్తులు వ్రాసెడివారు. డప్పు కొట్టి చాటింపు వేసెడివారు. జీపునకు మైకు కట్టి వాడవాడలు తిరిగెడివారు. రచ్చకట్ట కడ అభ్యర్థి నిలచి మాటలాడెడివాడు. ఆ ప్రచారములో అతిశయోక్తులు లేకపోలేదు, అసత్యములును లేకపోలేదు. అయినను దానికొక సుగుణముండెను. అది పదిమంది ముందు జరిగెడిది. తూర్పు వాడలో చెప్పిన మాట పడమటి వాడకును వినబడెడిది. ఒక అభ్యర్థి గోడపై వ్రాయించిన దానిని రెండవ అభ్యర్థి చదివెడివాడు. అది తప్పైనచో మరునాటి సాయంత్రము అదే రచ్చకట్ట కడ జవాబు చెప్పెడివాడు. ఓటరు ఇరువురి మాటలును విని తూచుకొనెడివాడు.

కరపత్రమునకు మరియొక సుగుణము కలదు. మీ ఇంట పాత ఎన్నికల కరపత్రమేదైన నున్నచో తీసి అడుగు భాగము చూడుడు. చిన్న అక్షరములలో అచ్చు వేసినవారి పేరు, వేయించినవారి పేరు, వారి చిరునామాలు కనబడును. అవి అలంకారమునకు వేసినవి కావు. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టమునకు 1961లో 127-ఎ అను సెక్షను చేర్చబడినది. పార్లమెంటు, శాసనసభ ఎన్నికలలో ఆ పేర్లు, చిరునామాలు లేని కరపత్రమును గాని గోడపత్రికను గాని అచ్చు వేయరాదని ఆ సెక్షను శాసించుచున్నది. అచ్చు వేయించుకొనువాడు తానెవరో తెలుపుచు, తన్నెరిగిన ఇద్దరి సాక్షి సంతకములతో ఒక ప్రకటన వ్రాసి ముద్రాపకునకు ఇయ్యవలెను. ముద్రాపకుడు ఆ ప్రకటనను, కరపత్రపు ప్రతిని అధికారులకు పంపవలెను. తప్పినవారికి ఆరు నెలల వరకు కారాగార శిక్షయో, రెండు వేల రూపాయల వరకు జరిమానాయో, రెండునో విధింపవచ్చును.

ఈ సెక్షను కరపత్రములోని మాట మంచిదా, చెడ్డదా అని అడుగదు. నీ మాట నీవు చెప్పుకొనవచ్చును, కాని నీ పేరుతో చెప్పుమని మాత్రమే అడుగును. అరువది ఏండ్లకు పైబడి ఈ నియమము మన ప్రజాస్వామ్యమునకు కాపలా కాయుచున్నది.

చేతిలోని మాట

నేడు ప్రచారము గోడ దిగి చేతిలోనికి వచ్చినది. ఊరి వాట్సాప్ గ్రూపే నేటి రచ్చకట్ట. దుబాయిలోనో, మస్కట్‌లోనో పనిచేయుచున్న మీ ఊరి యువకుడు కూడ అందు కూర్చుండి ఊరి సంగతులు వినుచున్నాడు. ఇది చెడు కాదు. నీటి విడుదల వార్త, కరెంటు వార్త, పశువైద్య శిబిరపు వార్త క్షణములో ఇంటింటికి చేరుచున్నవి. మా శాఖయు ఈ సాధనమునే వాడుచున్నది. అయినను గోడమీది వ్రాతకును, చేతిలోని మాటకును మూడు భేదములున్నవి. వానిని గుర్తింపవలెను.

మొదటి భేదము: గోడమీది వ్రాత అందరికి కనబడును, ఫోనులోని మాట వచ్చినవానికే కనబడును. ఒక వాడ వారికి ఒక వాగ్దానము, ప్రక్క వాడ వారికి దానికి విరుద్ధమైన వాగ్దానము పంపవచ్చును. ఒక కులము వారికి రెండవ కులము వారిపై అనుమానము పుట్టించు మాట పంపవచ్చును. ఆ రెండవ వారికది తెలియనే తెలియదు. ఎవనిపై నింద వేయబడెనో వానికే తెలియనిచో వాడు జవాబెట్లు చెప్పగలడు? జవాబు లేని మాట నిజమువలె చలామణి యగును.

రెండవ భేదము: కరపత్రమునకు పేరుండును, చేతులు మారిన సందేశమునకు పేరుండదు. మీకు పంపినవాడు మీ మేనమామ కావచ్చును. మేనమామకు పంపినవాడు ఆయన స్నేహితుడు. ఆ స్నేహితునకు పంపినవాడెవడు? దారి అచ్చటనే తెగిపోవును. కాని మీరు నమ్మునది మీ మేనమామను. మొదట వ్రాసినవాడు తన ముఖము దాచుకొని, మీ మేనమామ ముఖమును అరువు తెచ్చుకొనుచున్నాడు.

మూడవ భేదము: గోడకు మీరెవరో తెలియదు, ఫోనులోని ప్రకటనకు తెలియును. మీ వయస్సు, మీరుండు చోటు, మీకు నచ్చు సంగతులు లెక్కగట్టి, ఎవరికి ఏ మాట తగులునో చూచి పంపు విద్య నేడు వృద్ధి పొందినది. 2018లో కేంబ్రిడ్జ్ అనలిటికా వ్యవహారము బయటపడినప్పుడు, ప్రపంచమున 8 కోట్ల 70 లక్షల మంది ఫేస్‌బుక్ వాడుకరుల వివరములు ఇట్లు చేరి యుండవచ్చునని ఆ కంపెనీయే అంగీకరించెను. అందు మన దేశమువారు 5 లక్షల 62 వేల మందికి పైగా కలరు.

మా చేతనే జరిగిన పొరపాటు

ఇతరుల తప్పులు చెప్పుటకు ముందు మా తప్పు చెప్పుట న్యాయము.

2023 శాసనసభ ఎన్నికల దినములలో మా ఫోనునకు ఒక సందేశము వచ్చినది. ఓటర్ల జాబితాలో పేరు లేకున్నను ఆధార్ కార్డు చూపి 'ఛాలెంజ్ ఓటు' అడిగి ఓటు వేయవచ్చుననియు, ఒక పోలింగు కేంద్రమున 'టెండరు ఓట్లు' నూటికి 14 దాటినచో అచట మరల పోలింగు జరుగుననియు అందుండెను. సెక్షను సంఖ్య కూడ వేసియుండుటచే చూచుటకది ప్రభుత్వపు ప్రకటనవలె నుండెను. పని తొందరలో మేము దానిని చదివియు చదువకయే ఒక గ్రామ గ్రూపునకు పంపితిమి.

అది అబద్ధము. జాబితాలో పేరు లేనివారికి ఓటు లేదు. తన పేరుతో వేరొకడు ముందే ఓటు వేసి పోయినచో, అసలు ఓటరునకు ఇచ్చునది టెండరు ఓటు. వచ్చినవాడు అసలు ఓటరు కాడని పోలింగు ఏజెంటు రెండు రూపాయలు కట్టి అభ్యంతరము చెప్పుట ఛాలెంజ్. నూటికి 14 అను నియమము ఎక్కడను లేదు. ఈ తప్పుడు సందేశము 2019 నుండియే దేశమంతట తిరుగుచున్నది.

పోలింగు నాడు ఒక వృద్ధుడు కూలి మానుకొని, బస్సు చార్జీ పెట్టుకొని, ఆధార్ కార్డుతో తన ఊరికి వచ్చెను. జాబితాలో ఆయన పేరు లేదు. అధికారులు త్రిప్పి పంపివేసిరి. బయట మేము కనబడగా ఆయన కోపపడలేదు. "మీరే పంపిన్రు గద సారూ! సర్కారు మాట గద అని నమ్మి వచ్చిన" అనెను. మేము తల వంచుకొంటిమి. మాకు పంపిన మిత్రుని అడిగితిమి. ఆయన వేరొకరి పేరు చెప్పెను. వారు మరియొక గ్రూపు పేరు చెప్పిరి. అంతటితో జాడ పోయెను. ఆ సందేశమునకు పేరు లేకుండెను. మేము మా పేరిచ్చితిమి. ఆ పేరుపైననే ఆ వృద్ధునకు నమ్మకము కలిగెను.

మిత్రులారా! మీరు గ్రామమున పెద్దమనుషులు. మీ చేతి మీదుగా వెళ్ళు మాటకు మీ పేరు అంటును. ఆ వృద్ధుని మాట మేము నేటికిని మరువలేదు. అందువలననే ఈ ప్రసంగము.

ఏడు సెకనుల వీడియో

అదే ఎన్నికలలో మరియొక సంగతి జరిగినది. 2023 నవంబరు 30న మన రాష్ట్రమున 119 నియోజకవర్గములకు పోలింగు జరుగుచుండగా ఏడు సెకనుల వీడియో ఒకటి ఫోనులలో తిరిగెనని పత్రికలు వ్రాసినవి. అప్పటి అధికార పక్షమునకు చెందిన ప్రముఖ నాయకుడొకరు తమ ప్రత్యర్థి పక్షమునకే ఓటు వేయుడని చెప్పినట్లు అందు కనబడెను. ఆయన అట్లు చెప్పలేదు. ఆయన ముఖమును, గొంతును యంత్రముతో కల్పించిరి. దీనినే డీప్‌ఫేక్ అందురు. ఏ పక్షమువారు చేసిరి, ఎవరికి లాభించెను అను చర్చ మాకిచట అక్కరలేదు. నేడు ఒకరికి జరిగినది రేపు వేరొకరికి జరుగును.

కాలమును మాత్రము గమనింపుడు. పోలింగు ముగియుటకు ముందరి 48 గంటలు బహిరంగ ప్రచారము నిలిచిపోవలెనని చట్టము చెప్పుచున్నది. ఓటరు ప్రశాంతముగా ఆలోచించుకొనుటకు ఇచ్చిన గడువది. సభ లేదు, మైకు లేదు. అబద్ధమునకు జవాబు చెప్పుటకు వేదిక లేదు. సరిగా ఆ గడియలలోనే పేరులేని మాట ఫోనులలో దూరును. జవాబు సిద్ధమగు లోపల ఓటు పడిపోవును. సంతలో కల్తీ విత్తనము కొన్నచో వచ్చే పంటకైనను జాగ్రత్తపడవచ్చును. కల్తీ మాటకు వేసిన ఓటు ఐదేండ్లు కట్టి కుడుపును.

చట్టము ఎంత దూరము వచ్చినది?

ప్రభుత్వములు, న్యాయస్థానములు ఊరకుండలేదు. ఈ విషయమున దేశమునకు దారి చూపిన తీర్పునకు మూలము మన తెలుగునాటనే పుట్టినదని మీరెరిగి సంతోషింపవచ్చును.

టెలివిజనులో రాజకీయ ప్రకటనలు వేయరాదని 1994 నాటి కేబుల్ టెలివిజన్ నియమములలో ఒక నిషేధముండెను. 2004 మార్చిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు దానిని కొట్టివేసెను. కేంద్ర సమాచార, ప్రసారముల మంత్రిత్వ శాఖ సుప్రీంకోర్టునకు వెళ్ళెను. ఎదుటి పక్షమున జెమిని టీవీ ఉండెను. 2004 ఏప్రిల్ 13న సుప్రీంకోర్టు ఒక మధ్యేమార్గము చూపెను. ప్రకటన వేయవచ్చును, కాని ముందుగా ఒక కమిటీకి చూపి ధ్రువపత్రము పొందవలెను. దరఖాస్తులో ఆ ప్రకటన తయారీకి ఎంత ఖర్చు, ప్రసారమునకు ఎంత ఖర్చు, అది ఏ అభ్యర్థి మేలునకు అను వివరములు వ్రాయవలెను. సొమ్మును చెక్కు ద్వారానో డ్రాఫ్టు ద్వారానో చెల్లింపవలెను. నేడు జిల్లాలలో పనిచేయు మీడియా సర్టిఫికేషను, మానిటరింగు కమిటీల ఏర్పాటునకు ఆధారము ఈ ఉత్తర్వే.

2013 అక్టోబరు 25న కేంద్ర ఎన్నికల సంఘము ఈ పద్ధతిని ఇంటర్నెట్‌నకు విస్తరించెను. అభ్యర్థి నామినేషనుతో ఇచ్చు అఫిడవిట్‌లో తన సోషల్ మీడియా ఖాతాల వివరములు తెలుపవలెను. ఇంటర్నెట్‌లో సొమ్మిచ్చి వేయించు రాజకీయ ప్రకటనకును ముందుగా ధ్రువపత్రము కావలెను. ఇంటర్నెట్ కంపెనీలకు చెల్లించినది, ప్రచార విషయము తయారు చేసినవారికి ఇచ్చినది, ఖాతాలు నడుపు సిబ్బంది జీతములు, అన్నియు ఎన్నికల ఖర్చు లెక్కలో చూపవలెను.

2019 మార్చిలో ఫేస్‌బుక్, వాట్సాప్, గూగుల్ మొదలైన కంపెనీలు ఎన్నికల సంఘమునకు ఒక స్వచ్ఛంద నియమావళిని సమర్పించినవి. నిశ్శబ్ద గడువును ఉల్లంఘించు విషయమును సంఘము చూపినచో మూడు గంటలలో తొలగింతుమని మాట యిచ్చినవి. డీప్‌ఫేక్ తమ దృష్టికి వచ్చినచో మూడు గంటలలో తొలగింపవలెనని 2024 మే 6న సంఘము రాజకీయ పక్షములను ఆదేశించెను. కృత్రిమ మేధతో తయారైన ప్రచార విషయముపై ఆ సంగతి తెలుపు గుర్తు వేయవలెనని 2025 జనవరిలో సూచించెను.

నియమము పక్షములకే కాదు, ప్రభుత్వములకును వర్తించును. 2024 మార్చిలో లోక్‌సభ ఎన్నికల ప్రకటన వెలువడిన పిదప కూడ ప్రభుత్వ పథకములను గూర్చిన వాట్సాప్ సందేశములు పౌరులకు చేరుచుండగా, వానిని వెంటనే నిలుపుమని మార్చి 21న ఎన్నికల సంఘము కేంద్ర ఎలక్ట్రానిక్స్, సమాచార సాంకేతిక మంత్రిత్వ శాఖను ఆదేశించెను. మా వంటి ప్రచారాధికారులకు అదియొక పాఠము.

ఇతర దేశములును ఇదే ఆలోచనలో నున్నవి. ఫోనులో వచ్చు రాజకీయ ప్రచారముపై కూడ కరపత్రముమీదివలె పేరు, చిరునామా ఉండవలెనను నియమము బ్రిటనులో 2023 నవంబరు నుండి అమలునకు వచ్చినది. రాజకీయ ప్రకటనకు సొమ్మిచ్చినదెవరో, ఎవరిని ఏరి పంపిరో తెలుపవలెనను నియమము ఐరోపా సమాఖ్యలో 2025 అక్టోబరు నుండి వర్తించుచున్నది. అది తమకు కష్టమని చెప్పి గూగుల్, మెటా కంపెనీలు అచట రాజకీయ ప్రకటనలు తీసికొనుటయే మానుకొన్నవి.

కన్ను ఎక్కడ పెట్టవలెను?

సొమ్మిచ్చి వేయించిన ప్రకటనను గుర్తించుట కష్టము కాదు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రాములలో రాజకీయ ప్రకటన పైభాగమున దానికి సొమ్ము చెల్లించినదెవరో వ్రాసియుండును. ఆ కంపెనీ 'యాడ్ లైబ్రరీ' అను బహిరంగ భాండారమును నడుపుచున్నది. అందు ఏ పేరుతో ఏ ప్రకటన వచ్చినదో, సుమారుగా ఎంత ఖర్చయినదో, ఏ రాష్ట్రమువారికి, ఏ వయస్సువారికి చూపిరో ఎవరైనను చూడవచ్చును. గూగుల్‌కును అట్టి భాండారము కలదు. మీ ఊరిలో చదువుకొన్న యువకుని ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఒకసారి చూడుడు. ఒక్కొక్కప్పుడు సొమ్మిచ్చినవారి స్థానమున అభ్యర్థి పేరు గాని, పార్టీ పేరు గాని కాక, ఎన్నడు వినని పేజీ పేరుండును. అప్పుడే అడుగవలెను: ఈ ఖర్చు ఎవరి లెక్కలో చూపబడినది?

కాని మీకు నిజముగా చెప్పవలసిన సంగతి మరియొకటి కలదు. ఈ ఏర్పాటులన్నియు ముఖ్యముగా సొమ్మిచ్చి వేయించు ప్రకటనలకు. ఒకరినుండి ఒకరికి చేతులు మారు వాట్సాప్ సందేశము ఏ భాండారమునను కనబడదు. దానిని కంపెనీయు చదువలేదు. పల్లెలో ఎన్నికల వేళ ఎక్కువగా తిరుగునది ఇట్టి సందేశమే. ఇచట చట్టపు చేయి పూర్తిగా అందదు. గ్రామపు చేయి అందును.

దానికొక ఆనవాలు కలదు. వేరొకచోటినుండి వచ్చిన సందేశముపై 'ఫార్వర్డెడ్' అని వాట్సాప్ గుర్తు చూపును. ఒకటికి బదులు రెండు బాణముల గుర్తున్నచో అది కనీసము ఐదు చేతులు మారి వచ్చినదని అర్థము. అట్టిదానిని ఒకసారికి ఒక్కరికి మించి పంపనీయరు. రెండు బాణములు కనబడినంత మాత్రమున అది అబద్ధమని కాదు. దాని తండ్రి పేరు మీకు తెలియదని అర్థము.

పంచాయతీ ఎన్నికలు వేరా?

మాకు పార్లమెంటుతో, శాసనసభతో ఏమి పని అని మీరనవచ్చును. 2004 వరకు లక్సెట్టిపేట పేరుతోనే ఒక శాసనసభ నియోజకవర్గముండెను; 2009 నుండి ఈ ప్రాంతము మంచిర్యాల నియోజకవర్గములో నున్నది. నియోజకవర్గపు పేరు మారినను గెలుపోటములు తేలునది మీ పోలింగు కేంద్రములలోనే.

ఇంకను చెప్పవలెనన్నచో ఈ సమస్య పంచాయతీ ఎన్నికలలోనే తీవ్రము. 2025 డిసెంబరు 11, 14, 17 తేదీలలో మూడు విడతలుగా మన రాష్ట్రమున గ్రామ పంచాయతీ ఎన్నికలు జరిగినవి. సర్పంచి, వార్డు సభ్యుల ఎన్నికలకు పార్టీ గుర్తులుండవు. కావున పేరులేని సందేశము వచ్చినప్పుడు ఇది ఫలాని పార్టీవారిదని ఊహించుటకైనను వీలుండదు. శాసనసభ స్థానమున వందల ఓట్లకు లెక్క లేకపోవచ్చును. వార్డులో నాలుగైదు ఓట్లే గెలుపోటములు తేల్చును. పోలింగు ముందటి రాత్రి 'ఫలానివారు పోటీనుండి తప్పుకొన్నారు' అని ఒక గొంతు వినిపించినచో పది ఇండ్లు నమ్మిన చాలును. ఆ పది ఇండ్లవారు, నింద పడినవారు, గెలిచినవారు మరునాడు ఒకే బోరింగు కడ నీళ్ళు పట్టుకొనవలెను, ఒకే కాలువ నీరు పంచుకొనవలెను. ఓట్లు ఒక దినములో ముగియును, పగలు పదేండ్లుండును.

ఏమి చేయవలెను?

సభ్యులారా, మీకు శక్తికి మించిన పని చెప్పము. ఐదు సంగతులు విన్నవింతుము.

ఒకటి. మీతోనే మొదలు పెట్టుడు. మీరు గాని, మీ పక్షమున మీ అనుచరులు గాని ఓటు కొరకు పంపు ప్రతి సందేశము చివరను 'పంపినవారు ఫలాన. ఖర్చు ఫలానవారిది' అని వ్రాయుడు. కరపత్రమునకు సిగ్గు లేని పేరు ఫోనులోని మాటకెందుకు సిగ్గు పడవలెను? పేరు పెట్టుటకు మనసొప్పని మాటయైనచో దానిని పంపకుడు.

రెండు. ఒక వాడకు చెప్పిన మాటను ఊరంతకు చెప్పుడు. మీ వాగ్దానములన్నిటిని ఒక కాగితముపై వ్రాసి గ్రూపులో నుంచుడు. అందరిముందు చెప్పలేని వాగ్దానము వాగ్దానము కాదు, బేరము.

మూడు. పంచాయతీ వివరములను కాపాడుడు. పింఛనుదారుల జాబితా, ఉపాధి జాబుకార్డుల జాబితా, ఇంటి పన్ను రిజిస్టరు, అందున్న ఫోను నంబర్లు ప్రజలు ప్రభుత్వమును నమ్మి ఇచ్చినవి. ఏ అభ్యర్థికిని, ఏ యాప్‌నకును, ఏ సర్వేవారికిని వానిని ఇయ్యకుడు. ఓటర్ల వివరములు ఒక పార్టీ యాప్ నడుపువారి కడ చేరెనను ఫిర్యాదుపై 2019 మార్చిలో హైదరాబాదు ప్రాంతమున పోలీసు కేసులు నమోదైన సంగతి మీరు వినియే యుందురు. వ్యక్తిగత వివరముల రక్షణకు పార్లమెంటు 2023లో చట్టము చేసినది. 2025 నవంబరులో దాని నియమములు ప్రకటింపబడినవి. చట్టము లేకున్నను, పింఛను కొరకు నంబరిచ్చిన అవ్వకు ఓటు కొరకు ఫోను చేయుట న్యాయము కాదు.

నాలుగు. గ్రూపు నడుపువారితో ఒక కట్టుబాటు చేసికొనుడు. ఎన్నికల దినములలో పేరులేని సందేశము పెట్టినవారిని 'ఇది ఎవరిది?' అని ఒక్క ప్రశ్న అడుగవలెను. జవాబు లేనిచో దానిని తీసివేయవలెను. ఎవరిపైననైన నింద ఉన్నచో, వారికి అదే గ్రూపులో జవాబు చెప్పుకొను అవకాశమియ్యవలెను. రచ్చకట్ట ధర్మము ఫోనునకును వర్తింపవలెను.

ఐదు. మోసమని తోచినచో సాక్ష్యమును నిలుపుడు. సందేశమును పదిమందికి పంపి తిట్టుటవలన అదే మరింత వ్యాపించును. స్క్రీన్‌షాట్ తీసి, పంపినవారి నంబరు, తేదీ, వేళ వ్రాసికొని ఎన్నికల అధికారికో పోలీసులకో ఇయ్యుడు. లోక్‌సభ, శాసనసభ ఎన్నికలలో 'సీ-విజిల్' యాప్ ద్వారా నియమావళి ఉల్లంఘనలను తెలుపవచ్చును. ఓటరు సందేహములకు 1950 నంబరు కలదు. జాబితాలో పేరున్నదో లేదో పోలింగునాడు కాక ముందుగానే అచట కనుగొనుటకు మీ వార్డు వారికి సాయపడుడు. ఆ వృద్ధునివలె మరియొకరు తిరిగి పోకుండుగాక.

ఒక హెచ్చరిక

ఈ మాటలను ఆయుధముగా మార్చుకొనకుడని మిమ్ము ప్రత్యేకముగా కోరుచున్నాము. మురుగుకాలువ పారుటలేదని, వీధిదీపము వెలుగుటలేదని ఒక పౌరుడు గ్రూపులో వ్రాసినచో అది ప్రచారము కాదు, ఫిర్యాదు. సర్పంచిని విమర్శించుట నేరము కాదు. ఇంటర్నెట్‌లో మాటలాడినందుకు శిక్షించు 66-ఎ సెక్షనును 2015 మార్చి 24న సుప్రీంకోర్టు కొట్టివేసిన సంగతి గుర్తుంచుకొనుడు. పేరు అడుగవలసినది ఓటు కొరకు సొమ్ము పెట్టి, మనుషులను పెట్టి మాట పంపువానిని. భయపడుచు తన కష్టము చెప్పుకొను బీదవానిని కాదు. బలవంతుని ముసుగు తీయుట పారదర్శకత. బలహీనుని నోరు మూయుట దౌర్జన్యము. రెండిటి నడుమ గీత ఎక్కడనున్నదో గ్రామమును ఎరిగిన మీకు మేము చెప్పనక్కరలేదు.

మిత్రులారా! ఎన్నికలు వచ్చును, పోవును. ఫోనులు మారును, నేటి యాప్ రేపుండదు, రేపు మరియొకటి వచ్చును. కాని ఓటరు అడుగవలసిన ప్రశ్న మారదు. సంతలో ఎద్దును కొనునప్పుడు ఇది ఎవరిది, ఎచటినుండి తోలుకొని వచ్చితిరని అడుగకుండ మనము పగ్గము పట్టుకొనము. ఊరి ఐదేండ్ల భాగ్యమును తేల్చు మాట విషయమున అంతపాటి జాగ్రత్త చాలును.

ఇకముందు మీ చేతిలోని ఫోను మ్రోగి ఓటు మాట చెప్పినప్పుడు ఒక్క నిమిషము ఆగి, ఈ మాట ఎవరిది, ఈ ఖర్చు ఎవరిది అని అడుగుడు. మీ ఇంటివారిచే అడిగింపుడు. సర్కారు మాటయని నమ్మి వచ్చితినన్న ఆ వృద్ధునకు మేము తీర్చవలసిన ఋణము ఇదియే. ఆ ఋణమును తీర్చుటలో మీరును మాకు తోడు నిలువవలెనని వేడుకొనుచు సెలవు తీసికొనుచున్నాము.

జై హింద్.